ఏడుపుమొహం పయాసో

పుల్ల ఒక్కటే మిగిలింది.

పోయినవాళ్ళ కోసం అలంకరించిన పెద్దల బల్ల మీద, పాలగ్లాసుకీ చిన్న చెక్క లారీకీ మధ్య, నిన్న సాయంత్రం క్రిసాంతా తన చేత్తో పెట్టిన పయాసో మిఠాయి లేదు. తిన్నవాళ్ళెవరో చాక్లెట్ మరకలంటిన పుల్లని మళ్ళీ అదే పళ్ళెంలో నీటుగా పడుకోబెట్టి వెళ్ళారు.

పళ్ళెం వెనక ఉండవలసిన కొడుకు నాచీతో ఫొటో కూడా లేదు.

క్రిసాంతా చంకలో బంతిపూల బుట్ట ఉంది. దాన్ని కింద పెట్టాలన్న సంగతి ఆమెకి తోచలేదు. గోడగడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. పన్నెండు గంటలకి చర్చి గంట మోగిందంటే పోయిన పిల్లలొస్తారు. అక్టోబరు ముప్ఫై ఒకటిన తొలుకా ఊళ్ళో ఏ ఇంటి పిల్లలు ఆ ఇంటికే. ఏడాది పొడుగునా ఎక్కడుంటారో గాని, ఆ ఒక్కరోజు బంతిపూల వాసన పట్టుకుని తమ గుమ్మం వెతుక్కుంటూ వస్తారు.

"ఎవరు తిన్నారు?" అంది.

వంటింట్లో గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు ఆగింది.

"ఏమిటి తిన్నది?" అత్తగారు ఒబ్దూలియా గొంతు, తీరుబడిగా.

"నాచీతోది."

"ఓ, అదా."

అంతే. చెంచా మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

క్రిసాంతా వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఒబ్దూలియా బల్ల దగ్గర కూర్చుని మొక్కజొన్న జావ చల్లారుస్తోంది. ఆమె ఎదురుగా యాదీరా, ఐదు నెలల పొట్టని శాలువా కింద దాచుకుని, తలొంచుకుని ఉంది. బజారులో వీళ్ళ మిఠాయి అంగడిలో అమ్మకాలు చూసే పిల్ల. మొన్న ఆదివారం ఒక పెట్టెతో వచ్చి నాచీతో గదిలో దిగింది. కడుపులో ఉన్నది ఎవేలియో బిడ్డ. ఎవేలియో క్రిసాంతాకి పన్నెండేళ్ళుగా మొగుడు.

"కడుపుతో ఉన్న పిల్ల," అంది ఒబ్దూలియా జావగ్లాసు యాదీరా వైపు జరుపుతూ. "నోరు తెరిచి అడిగింది. లేదంటామా? రేపు పుట్టేవాడు నోరు మూసుకోలేక చొంగ కార్చుకుంటూ తిరిగితే నువ్వు తుడుస్తావా?"

"పనిగదిలో నాలుగు వందలున్నాయి అత్తయ్యా."

"దీనికి ఆ ఒక్కటే కావాలనిపించిందిట. ఏం చేస్తాం, కడుపు అలాంటిది. నీకు తెలీదూ? నీకూ ఒకసారి వచ్చిందిగా."

ఒకసారి అన్న మాటని ఆవిడ కాస్త నొక్కి పలికింది. యాదీరా గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అది ఏడుపుమొహంది," అంది క్రిసాంతా.

"అవును. నవ్వేవి బజారుకి, ఏడ్చేవి ఇంటికి. నేను పెట్టిన పద్ధతేగా అది?" అని ఒబ్దూలియా తన మాటకి తనే నవ్వింది.

ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఆ పద్ధతి నడుస్తోంది. పుల్లకి గుచ్చిన గుండ్రటి తెల్లటి మెత్తటి మిఠాయిని ఎవేలియో కరిగిన చాక్లెట్‌లో ముంచి పళ్ళెంలో పడుకోబెడతాడు. చాక్లెట్ బిగిసేలోగా, ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంతలో, క్రిసాంతా రెండు జెల్లీ కళ్ళూ ఒక ఎర్రటి జెల్లీ నోరూ అతికించాలి. అప్పుడది పయాసో అవుతుంది, సర్కస్‌లో జోకరు మొహంలా. తొందరలో నోరు తిరగబడితే మొహం ఏడుస్తుంది. ఏడ్చేది బజారుకి వెళ్ళకూడదు. ఇంట్లోవాళ్ళ నోట్లోకి, లేదా మళ్ళీ కరిగే గిన్నెలోకి.

నాచీతో మాత్రం వాటి కోసమే చెయ్యి చాపేవాడు. నవ్వేది ఇస్తే తల అడ్డంగా ఆడించేవాడు. "వీడికి బతకాలనుందమ్మా, చూడు ఎలా నవ్వుతున్నాడో. ఏడ్చేవాణ్ణి ఇయ్యి. వాడెలాగూ ఏడుస్తున్నాడుగా, తినేద్దాం."

ఐదేళ్ళకే పోయాడు. మూడు రోజుల జ్వరం. నాలుగేళ్ళయింది.

"ఫొటో ఏది?" అంది క్రిసాంతా.

ఒబ్దూలియా లేచి, ఏప్రన్ జేబులోంచి తాళంచెవి తీసి చూపించి మళ్ళీ జేబులో వేసుకుంది. "అద్దాల బీరువాలో. పండగ దుప్పట్ల కింద. భద్రంగానే ఉంది, కంగారు పడకు."

"అది బల్ల మీద ఉండాలి."

"కడుపుతో ఉన్న మనిషి పొద్దున లేచీ లేవగానే పోయిన పిల్లాడి మొహం చూడాలా? చెప్పు. నువ్వయితే చూస్తావా?"

"వాడు ఈ ఇంటి పిల్లాడు."

"ఈ ఇంటి పిల్లాడు ఇప్పుడు దాని కడుపులో ఉన్నాడు."

యాదీరా జావ మింగింది. గొంతులో దిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

*

క్రిసాంతాకి అరవడం చేతకాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అరిచింది. ఒబ్దూలియా తిరిగి ఏమీ అనలేదు, ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడడం మానేసింది. నాచీతో పుట్టాక మాట్లాడింది. వాడు పోయాక మళ్ళీ మానేసింది. ఇవాళ అత్తగారు ఇన్ని మాటలు మాట్లాడుతోందంటే దాని వెనక ఏదో ఉంది. అదేమిటో తెలిసేదాకా నోరు మూసుకోవడం మేలనుకుంది.

ఎక్కువసేపు ఆగనక్కర్లేకపోయింది.

"కూర్చో," అంది ఒబ్దూలియా. "నించుని వినే మాట కాదిది."

క్రిసాంతా కూర్చోలేదు.

"సరే, నీ ఇష్టం. చూడమ్మాయ్, నిన్ను నేను పొమ్మనడం లేదు. వీధిలో ఎవరైనా అలా అంటే వాళ్ళ నాలుక కోస్తాను. నువ్వు పెట్టిన మొహాల్లాంటివి ఈ బజారులో ఇంకెవరికీ రావు, అది నేనే ఒప్పుకుంటాను. నీ పని నీదే, నీ గది నీదే. పిల్లాడి ఫొటో కూడా బల్ల ఎక్కుతుంది. ఇవాళే. పన్నెండు కొట్టేలోగా."

"ఏం చెయ్యమంటారు?"

"బిడ్డకి జ్ఞానస్నానం చేయించాలి కదా. ఫిబ్రవరిలో పుడతాడు. దగ్గరి మనిషి జ్ఞానతల్లి అయితే బావుంటుంది." ఒబ్దూలియా బల్ల మీది రొట్టె తునకల్ని అరచేత్తో ఒక పక్కకి కూడదీసింది. "నువ్వే ఎత్తుకో."

క్రిసాంతాకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది.

జ్ఞానతల్లి అయితే ఆమె ఎవేలియోకి కొమాద్రే అవుతుంది. బిడ్డ తండ్రికీ జ్ఞానతల్లికీ మధ్య ఉండేది దేవుడి ముందు కట్టుకున్న బంధుత్వం, తోబుట్టువులకన్నా ఎక్కువ. అలాంటి ఇద్దరు ఒక మంచం మీద పడుకోవడమంటే, తొలుకా వీధుల్లో ముసలమ్మలు పేరు కూడా ఎత్తని పాపం. చర్చిలో చేసిన పెళ్ళిని ఎవరూ విప్పలేరు. దాన్ని విప్పకుండానే చంపే దారి ఒబ్దూలియా వెతికి పట్టుకుంది. గిన్నెడు పవిత్ర జలం, ఒక తెల్ల గౌను, చర్చి బయట పిల్లలకి వెదజల్లే నాలుగు నాణేలు. అంతటితో అయిపోతుంది. జనం కూడా మెచ్చుకుంటారు.

"నా చేత్తోనే," అంది క్రిసాంతా. గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"నీ చేతులు మంచివని చెప్పానుగా."

*

పనిగదిలో ఎవేలియో చాక్లెట్ గిన్నె ముందు నిలబడి ఉన్నాడు. గరిటె కొసన ఒక చుక్క తీసి కింది పెదవికి తాకించుకుని వేడి చూస్తున్నాడు. ఎప్పుడూ అంతే. పెదవికి చల్లగా తగిలితేనే ముంచడానికి పనికొస్తుంది. ఏ పనినీ తొందరపడి చెయ్యడు, ఏదీ ఒలకబొయ్యడు. చూసినవాళ్ళు ఎంత నెమ్మదస్తుడో అంటారు.

"నీకు తెలుసా?" అంది క్రిసాంతా.

"ఏది?"

"అన్నీ."

గరిటె గిన్నెలో ఒక చుట్టు తిరిగింది. "అమ్మ నిన్న రాత్రి చెప్పింది."

"పయాసో సంగతి కూడానా?"

"అది నాకు తెలీదు. ఒట్టు." తల ఎత్తాడు. "ఇంకోటి చేసుకోవచ్చుగా. చాక్లెట్ సిద్ధంగానే ఉంది."

"ఫొటో?"

"బల్ల మీద పెడతానందిగా. నువ్వు ఊఁ అంటే."

"నేను ఊఁ అనాలా?"

ఎవేలియో చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. "ఆలోచించి చూస్తే అమ్మ చెప్పిందాంట్లో చెడు లేదు. నిన్నెవరూ తక్కువ చెయ్యడం లేదు. బయటికి కూడా గౌరవంగా ఉంటుంది. లేకపోతే వీధిలో ఏమనుకుంటారు, ఇద్దరాడవాళ్ళు ఒక ఇంట్లో... ఇలా అయితే ఎవరికీ మాట తోచదు. కొమాద్రే అంటే అందరూ..."

"నువ్వేమని పిలుస్తావు నన్ను?"

"అందరూ పిలిచినట్టే."

"పిలు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వింటాను."

ఆమె ఎదురుగా చెక్క అరలో ఖాళీ పళ్ళాలున్నాయి. ఎవేలియో వాటి వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. సిగ్గుపడతాడేమో, చేతిగుడ్డ కింద పడేసి ఏడుస్తాడేమోనని క్రిసాంతా ఎదురుచూసింది. పన్నెండేళ్ళలో అతని మొహంలో ప్రతి గీతా ఆమెకి తెలుసు.

"కొమాద్రే," అన్నాడు. "మీరు కాస్త పక్కకి జరిగితే ఆ పళ్ళెం తీసుకుంటాను."

ఎక్కడా తడబడలేదు. రాత్రి సాధన చేసినట్టుంది.

క్రిసాంతా పక్కకి జరిగింది. అతను పళ్ళెం తీసుకున్నాడు.

*

అంగడికి ఇంకా నలభై పయాసోలు తక్కువ పడ్డాయి. పండగ బజారు సాయంత్రం దాకా ఉంటుంది. "చివరి పళ్ళెం దీని చేత పెట్టించు, నేర్చుకుంటుంది," అని ఒబ్దూలియా యాదీరాని పనిగదిలోకి తోసి, వాకిట్లో నీళ్ళు చల్లడానికి వెళ్ళింది. ఎవేలియో పుల్లలకి గుచ్చిన నలభై మిఠాయిలనీ చాక్లెట్ గిన్నెనీ వాళ్ళ ముందుంచి, పండగకి చేసిన పంచదార పుర్రెల బుట్టలు బండికెక్కించడానికి బయటికి పోయాడు.

ఇద్దరే మిగిలారు.

"నేను ఒక్కొక్కటే ముంచి ఇస్తాను. ఎడమ చేత్తో పుల్ల పట్టుకో," అంది క్రిసాంతా. "కళ్ళు ముందు. నోరు ఆఖర్న. నొక్కకు, ఆనించి వదిలెయ్యి. నొక్కితే మెత్తబడి లోపలికి పోతుంది."

యాదీరా పుల్ల అందుకుంది. మొదటి కన్ను జారి బుగ్గ మీదికొచ్చింది. "దెబ్బ తగిలినవాడిలా ఉన్నాడు," అంది, నవ్వొచ్చి, వెంటనే నోరు మూసుకుని.

"తీసెయ్యి. ఇంకోటి."

నాలుగైదు మొహాలు కుదిరాయి. యాదీరా ఆగింది. తలుపు వైపు చూసింది. వాకిట్లో చెంబుతో నీళ్ళు చల్లుతున్న చప్పుడు.

"అక్కా, ఒక మాట. కోప్పడవుగా?"

"చెప్పు."

"నేను అడగలేదు."

క్రిసాంతా చేతిలో జెల్లీ నోరు అలాగే ఉండిపోయింది.

"నాకు చాక్లెట్ వాసనంటేనే వాంతి. మూడో నెల నుంచీ అంతే. అంగడిలో ముక్కుకి గుడ్డ కట్టుకునే అమ్ముతున్నాను. ఆవిడే తెల్లారగట్ల నా గదిలోకి తెచ్చింది. తిను, నేను చూస్తుంటానంది. ముందు నోరు తినమంది. నేను తింటున్నంతసేపూ మంచం దగ్గర నిలబడింది. పుల్ల చేతిలోంచి తీసుకుని తనే పట్టుకెళ్ళింది. ఆవిడ వెళ్ళగానే పెరట్లోకి పరిగెత్తి అంతా కక్కేశాను."

"ఎవరిదో తెలుసా నీకు?"

"తెలుసు." యాదీరా కళ్ళు దించుకుంది. "ఆ గదిలో గోడ మీద వాడి ఎత్తు గీతలున్నాయిగా. మంచం కూడా వాడిదేగా. పొట్టిది, నా కాళ్ళు బయటికొస్తాయి. అన్నీ తెలుసు. కాదంటే నన్నెక్కడికి పొమ్మంటావు? మా నాన్న తలుపు తియ్యడు. నువ్వయితే ఏం చేసేదానివి?"

"నేనా?" అంది క్రిసాంతా. "నేనూ తినేదాన్నేమో."

అది జాలితో అన్నది కాదు. యాదీరాకి కూడా ఆ సంగతి తెలిసింది.

చివరిదొక్కటి మిగిలితే ముంచి పళ్ళెంలో పడుకోబెట్టింది. చాక్లెట్ అప్పుడే మెరుపు తగ్గుతోంది. క్రిసాంతా దాన్ని తన ముందుకి లాక్కుంది. రెండు కళ్ళు పెట్టింది. ఎర్రటి నోటిని వేళ్ళ మధ్య తిప్పి, కొసలు కిందికుండేలా ఆనించి వదిలింది. ఆ మొహం ఏడ్చింది. యాదీరా ఏమీ చూడనట్టు కిటికీ వైపు తిరిగి, శాలువా సర్దుకుంది.

ఒబ్దూలియా ఎందుకలా చేసిందో క్రిసాంతాకి ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. కోడలు ఈ ఇల్లు వదలకపోవడానికి ఒకే కారణముంది. పిల్లాడు ఈ గుమ్మానికే వస్తాడు, వాడికి వేరే గుమ్మం తెలీదు. ఆదివారం పెట్టెతో ఆ పిల్ల దిగిన రోజే క్రిసాంతా బయటికి నడిచేది. తల్లి లేని ఇంటికి వాడొచ్చి దిక్కులు చూస్తాడని ఆగింది. అత్తగారు సరిగ్గా అక్కడే పట్టుకుంది, పిల్లాడి చెయ్యి పట్టుకుని తల్లిని లాగినట్టు.

*

పదకొండున్నరకి సోలెదాద్ పండగ రొట్టెలు పట్టుకొచ్చింది. వీధిలో ఏడు గుమ్మాలవతల ఉంటుంది. నాచీతోకి జ్ఞానతల్లి ఆమే, అలా క్రిసాంతాకి కొమాద్రే. వాణ్ణి తెల్ల గౌనులో చేతుల మీద పట్టుకుని చర్చి మెట్ల మీద తీయించుకున్న ఫొటో ఇప్పటికీ ఆమె ఇంటి గోడకుంది. క్రిసాంతాకి ఈ ఊళ్ళో సొంతమనిషంటూ ఉంటే ఆమే.

"రండి సోలెదాద్, సమయానికొచ్చారు," అంది ఒబ్దూలియా. "మీరే సాక్షి. మా కోడలు మనసు ఎంత పెద్దదో చూడండి. యాదీరా బిడ్డని తనే ఎత్తుకుంటానంటోంది."

సోలెదాద్ రొట్టెల మీది గుడ్డ తీయబోయి ఆగింది. క్రిసాంతా మొహంలోకి చూసింది. పెద్దల బల్ల మీద ఫొటో ఉండవలసిన చోటు చూసింది. అక్కడ పుల్ల ఇంకా పళ్ళెంలోనే ఉంది.

"నేనింకా ఏమీ అనలేదు," అంది క్రిసాంతా.

"అంటుంది. సిగ్గు." ఒబ్దూలియా ఏప్రన్ జేబు మీద తట్టింది, లోపల తాళంచెవి మోగింది. "ఒక్క మాట చాలు. పిల్లాడు బల్ల ఎక్కి కూర్చుంటాడు. పాపం, ఇంత దూరం నుంచి వస్తున్నాడు. తన మొహం తనకి కనపడకపోతే ఎవరింటికొచ్చానా అనుకోడూ?"

"నువ్వేమంటావు కొమాద్రే?" అంది క్రిసాంతా, సోలెదాద్ వైపు తిరిగి.

సోలెదాద్ గుడ్డని మళ్ళీ రొట్టెల మీద కప్పింది. దాని నాలుగు కొసలూ సర్దింది. కమానుల బజారులో ఆమె కూర్చుని అమ్ముకునే చోటు ఒబ్దూలియా పేరు మీద ఉంది. ఒక్కర్తే మనిషి, మోకాళ్ళ నొప్పులు. అక్కణ్ణుంచి లేవమంటే వేరే చోటు లేదు.

"నేనేమంటానమ్మా," అంది చివరికి. "ఒబ్దూలియాగారు ఆలోచించే చెప్పి ఉంటారు."

"విన్నావుగా," అంది ఒబ్దూలియా.

సోలెదాద్ బుట్ట బల్ల మీద పెట్టి, కూర్చోకుండా, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక ఆమె కుంటుతూనే త్వరగా నడిచిన అడుగులు క్రిసాంతా చాలాసేపు విన్నది.

"కోపమొస్తే రానీ," అంది ఒబ్దూలియా నెమ్మదిగా. ఇప్పుడు గొంతులో ఎకసెక్కం లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. "నేను కూడా ఇద్దర్ని పోగొట్టుకున్నాను. ఎవేలియో కన్నా ముందు. మా అత్త వాళ్ళని బల్ల మీద పెట్టనివ్వలేదు. పేర్లు పెట్టకముందే పోయారుగా, వీళ్ళనేమని పిలుస్తావంది. నేను చచ్చిపోయానా? బతికి ఇల్లు నిలబెట్టాను. నువ్వూ బతుకుతావు."

క్రిసాంతా ఆవిడ మొహంలోకి చూసింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ మాట వింటోంది. దాన్ని ఆవిడ ఓదార్పుగా చెప్పిందో బెదిరింపుగా చెప్పిందో తెలియలేదు. ఆవిడకి కూడా తెలియదేమో.

"పిల్లాడికి పూల దారి వెయ్యాలి," అంది క్రిసాంతా. బంతిపూల బుట్ట అందుకుంది.

"అలా రా దారికి," అంది ఒబ్దూలియా.

*

వీధంతా బంతిరేకుల దారులు. ప్రతి ఇంటి ముందూ నడివీధి నుంచి గుమ్మం దాకా, గుమ్మంలోంచి లోపలికి, జానెడు వెడల్పున పసుపు. అన్నీ అడ్డంగానే ఉన్నాయి. ఏ దారీ పక్కింటి వైపు తిరగదు. ధూపం కిటికీల్లోంచి వస్తోంది. ఎదురింటి ముసలాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

క్రిసాంతా గుమ్మం ముందు వంగి గుప్పెడు రేకులు చల్లింది. ఇంకో గుప్పెడు. లోపలి నుంచి చూస్తున్న ఒబ్దూలియాకి మొదట తేడా తెలియలేదు. రేకులు గుమ్మం బయటే మొదలయ్యాయి, లోపలికి ఒక్కటీ రాలేదు. నడివీధిదాకా వెళ్ళి అక్కడ ఆగిపోవాల్సిన దారి ఎడం వైపుకి తిరిగింది.

"అదేమిటమ్మాయ్? ఎటు వేస్తున్నావు?"

క్రిసాంతా ఇంకో గుప్పెడు ఎడం వైపుకే చల్లింది. ఏప్రన్ జేబులో ఏడుపుమొహం పయాసో ఉంది. ఫొటో లేకపోతే పోనీ. వాడి మొహం వాడికి తెలుసు. ఇంకో ఫొటో ఇంకో గోడకుంది. వాడికి ఈ ఒక్క గుమ్మమే తెలుసు కనక, ఈ గుమ్మం దగ్గర మొదలుపెట్టి వేలు పట్టుకుని నడిపించినట్టు తీసుకెళ్ళాలి. ఏడు గుమ్మాలే. బుట్టలో రేకులు సరిపోవాలి.

మొదటి పక్కింటి దారి అడ్డమొచ్చింది. దాన్ని తొక్కకుండా, చెరపకుండా, తన రేకుల్ని కాస్త వదిలి అవతల మళ్ళీ మొదలుపెట్టింది. "క్రిసాంతా, నీకేమైనా పిచ్చెక్కిందా?" అని ఒక కిటికీ అడిగింది. రెండో ఇంటామె పిల్లల్ని లోపలికి లాగి తలుపేసుకుంది. ఎదురింటి ముసలాయన మాత్రం కుర్చీలోంచి లేచి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

మూడు. నాలుగు. నడుం పట్టేసింది. గుప్పెళ్ళు చిన్నవి చేసింది.

ఐదో గుమ్మం దగ్గర ఆ చప్పుడు వినిపించింది.

బరుకు చీపురు రాతి నేల మీద గీరుతున్న చప్పుడు. ఒకసారి, ఆగి, మళ్ళీ ఒకసారి.

వెనక్కి తిరగకూడదనుకుంది. తిరిగింది.

ఎవేలియో తుడుస్తున్నాడు. వంగి, నెమ్మదిగా, రాళ్ళ సందుల్లో ఇరుక్కున్న రేకుని కూడా చీపురు కొసతో లాగి, చేటలోకి ఎత్తుతున్నాడు. గుమ్మం నుంచి మొదలుపెట్టి అప్పటికే మొదటి ఇల్లు దాటాడు. అతని వెనక నేల శుభ్రంగా, తడిగా, ఏమీ లేకుండా ఉంది. గుమ్మంలో ఒబ్దూలియా చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె భుజం పక్కన యాదీరా, శాలువా కొస నోట్లో కుక్కుకుని.

"ఎవేలియో!" అంది క్రిసాంతా.

అతను తలెత్తాడు. ఒక్క క్షణం. తర్వాత చీపురు ఇంకో అడుగు ముందుకి వేశాడు.

క్రిసాంతా ముందుకి తిరిగింది. ఆరు. బుట్టలో అడుగున అతుక్కున్న రేకుల్ని గోళ్ళతో గీకి చల్లింది. ఏడో గుమ్మం. సోలెదాద్ తలుపు మూసి ఉంది. ఆమె ఇంటి ముందు కూడా పసుపు దారి ఉంది, చిన్నది, ముసలిచేతులు వేసినట్టు వంకరటింకరగా. క్రిసాంతా తన చివరి గుప్పెడు ఆ దారి అంచుకి కలిపింది. ఇంకేమీ మిగల్లేదు.

జేబులోంచి పయాసో తీసి గడప మీద నిలబెట్టింది, ఏడుస్తున్న మొహం వీధి వైపుకి ఉండేలా. జేబు వేడికి ఒక కన్ను కొంచెం జారింది.

"నాచీతో," అంది గట్టిగా, వీధంతా వినేలా. "ఇటు రా నాన్నా. ఇటు."

తలుపు కొట్టింది.

చర్చి గంట మొదటి దెబ్బ పడింది. వెనక చీపురు ఆగలేదు. రెండో ఇల్లు, మూడో ఇల్లు.

"కొమాద్రే, నేను."

లోపల కుర్చీ జరిగింది. కుంటి అడుగులు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. తలుపుకి అవతల, సరిగ్గా ఆమె ఎదురుగా, ఆగాయి. పాత చెక్క సందులోంచి ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరి చాలాసేపు అక్కడే ఉంది. గంట పదో దెబ్బ, పదకొండో దెబ్బ. చీపురు ఐదో గుమ్మం దాటింది.

గొళ్ళెం కదిలిన చప్పుడైంది.

తీసిందో, ఇంకో గొళ్ళెం కూడా వేసిందో, బయట నిలబడిన క్రిసాంతాకి తెలియలేదు.